ఒకే గుమ్మానికి ఇద్దరు కాపలాదారులా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఇంటి కంప్యూటర్ల భద్రత గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. రాసినవారి ఉద్దేశం మంచిదే. ఒక్క రక్షణనే నమ్ముకుని కూర్చోకుండా అంచెలంచెలుగా ఏర్పాట్లు చేసుకోవాలన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే ఆ అంచెల్లో మొట్టమొదటిదిగా 'రెండు యాంటీవైరస్‌లు వేసుకుంటే రెట్టింపు రక్షణ' అని సలహా ఇవ్వడం పొరపాటు. ఆ పొరపాటును మా ఇంట్లో చేసి, ఫలితం అనుభవించినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. దెబ్బ తిన్నాక పట్టుదలతో కొంత నేర్చుకున్నాను. ఇప్పుడు మా కాలనీలో పదిపన్నెండు ఇళ్లలో కంప్యూటర్లను నేనే సర్దిపెడుతున్నాను.

జరిగింది ఇది. 2021లో ఒక దుకాణంలో విడిభాగాలు కూర్చి ఇచ్చే కంప్యూటర్ కొన్నాను. అందులోని విండోస్‌కు లైసెన్సు ఉందా అని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. 'యాంటీవైరస్ ఫుల్ వెర్షన్ వేశాను సార్' అని అక్కడి కుర్రాడు అంటే సంతోషించాను. తర్వాత సెలవులకు వచ్చిన మా మేనల్లుడు 'మామయ్యా, ఒకటి వదిలేసింది ఇంకోటి పట్టుకుంటుంది' అంటూ మరో ఉచిత యాంటీవైరస్ ఎక్కించాడు. ఆనాటి నుంచి కంప్యూటర్ తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టేది. ఒకటి పట్టి నిర్బంధించిన ఫైలును రెండోది కొత్త వైరస్‌గా భావించి మళ్లీ పట్టుకునేది. రోజుకు నాలుగుసార్లు హెచ్చరికలు వచ్చేసరికి, పోనీలే అని చదవకుండానే మూసేయడం అలవాటైంది. చివరికి విసిగి దుకాణానికి తీసుకెళ్తే 'రెండూ తీసేశాను, ఇక ఫాస్ట్‌గా ఉంటుంది' అని తిరిగి ఇచ్చారు. నిజంగానే వేగంగా పనిచేసింది. విండోస్‌లో పుట్టుకతో ఉండే డిఫెండర్ అనే యాంటీవైరస్ అప్పుడు మేల్కొని కాపలా కాయాలి. కానీ లైసెన్సు లేని విండోస్‌ను లైసెన్సు ఉన్నట్టు నమ్మించడానికి వేసిన దొంగ ప్రోగ్రాం, మొదటిరోజే దాన్ని నిద్రపుచ్చిందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అలా ఏ కాపలా లేని స్థితిలో, తెలుగు టైపింగ్ కోసం ఒక పరిచయస్తుని పెన్ డ్రైవ్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ ఎక్కించుకున్నాను. 'ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి' అని దానితోపాటు ఒక చీటీ ఫైలు కూడా ఉంది. ఆపవలసిన యాంటీవైరస్ లేకపోవడంతో ఆ పని కూడా తప్పింది. మూడో రోజు ఉదయం చూస్తే నా ఫైళ్లన్నిటి పేర్ల చివర ఏదో కొత్త తోక వేలాడుతోంది, ఏదీ తెరుచుకోదు, ప్రతి ఫోల్డర్‌లో డబ్బు అడుగుతూ ఇంగ్లీషులో ఒక ఉత్తరం. పదకొండేళ్లుగా టైపు చేసి పెట్టుకున్న తొమ్మిది, పది తరగతుల గణిత ప్రశ్నల నిధి, మా నాన్నగారి ఫొటోల స్కాన్ కాపీలు పోయాయి. 'బ్యాకప్ ఉంది కదా' అనుకున్నాను. బ్యాకప్ కోసం కొన్న బయటి హార్డ్ డిస్క్ ఏడాది పొడవునా కంప్యూటర్‌కు తగిలించే ఉంది కనుక, అందులోని ప్రతులకూ అదే గతి పట్టింది. ఐరోపా దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు 2016లో మరికొందరితో కలిసి మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైటులో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు, అంటే ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాములకు, ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి. నా ఫైళ్లకు పట్టిన రకానికి అక్కడ లేదు. డబ్బు కట్టలేదు. తోటి ఉపాధ్యాయులకు ఎప్పుడో ఈమెయిల్‌లో పంపిన ప్రశ్నపత్రాలను వెతికి వెనక్కి తెప్పించుకోవడంతో సగం దక్కాయి. ఫొటోలు దక్కలేదు.

రెండు యాంటీవైరస్‌లు ఎందుకు పనికిరావో ఇప్పుడు చెబుతాను. నిత్యం కాపలా కాసే యాంటీవైరస్ విండోస్ లోతుల్లో, ఫైళ్లు తెరుచుకునే దారిలోనే కూర్చుంటుంది. మనం ఏ ఫైలు తెరిచినా ముందు అది చూసి, పరవాలేదనుకుంటేనే లోపలికి వదులుతుంది. అదే దారిలో రెండోది కూర్చుంటే, మొదటిది ఫైలును తాకడమే రెండోదానికి పరిశీలించవలసిన సంఘటన అవుతుంది. పైగా ఇద్దరూ చూసేది దాదాపు ఒకే రకమైన ఆనవాళ్లు కనుక, ఒకరి కన్ను గప్పగలిగిన కొత్త రకం రెండోవారి కన్ను గప్పడానికీ అవకాశం ఎక్కువే. అంటే ఖర్చు రెట్టింపవుతుంది గాని రక్షణ కాదు. ఈ కారణంగానే మరో కంపెనీ యాంటీవైరస్ వేసిన వెంటనే విండోస్ డిఫెండర్ మామూలుగా తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. తయారీదారులే అలా ఏర్పాటు చేసినప్పుడు, దానికి విరుద్ధంగా మనం రెండు వేసుకోవడంలో అర్థం లేదు.

మాది హనుమకొండ. ఉదయం నడకకు అప్పుడప్పుడు ఓరుగల్లు కోట వైపు వెళ్తుంటాను. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి ఎత్తు పెంచిన రాతిగోడ అక్కడ ఉంది. దానికి వెలుపల మట్టికోట, అగడ్త ఉన్నాయి. రాతిగోడకు అవతల ఇంకో రాతిగోడే కట్టి ఊరుకోలేదు వాళ్లు. నిచ్చెనతో వచ్చేవాడికి నీళ్లు అడ్డం, నీళ్లు దాటినవాడికి మట్టికట్ట అడ్డం, అది ఎక్కినవాడికి రాయి అడ్డం. అంచెలంటే అవీ. ఒక్కో అంచె ఒక్కో రకంగా ఉండాలి. ఒకదాన్ని దాటే ఉపాయం ఇంకోదాని దగ్గర పనికిరాకూడదు. ఇంటి కంప్యూటర్‌లోనూ అంతే, పైగా ఈ అంచెల్లో చాలావరకు డబ్బు పెట్టి కొనవలసినవి కూడా కావు.

అన్నిటికంటే ముందు లైసెన్సు ఉన్న విండోస్, దానికి సకాలంలో అప్‌డేట్లు. అప్‌డేట్ అంటే కంప్యూటర్‌ను నెమ్మదింపజేసే పీడ అని మనలో చాలామంది అభిప్రాయం. ఆపేయడం ఎలాగో నేర్పే వీడియోలు తెలుగులో కూడా కనిపిస్తాయి. 2017 మే 12న ప్రపంచమంతా పాకిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ విండోస్‌లోని ఏ లోపాన్ని వాడుకుందో, ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలలు గడిచినా వేసుకోనివారు నష్టపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో పత్రికల్లోనే చదివాం. ఆ పురుగు లోపలికి రావడానికి ఎవరూ ఏ లంకెనూ నొక్కనక్కరలేదు, నెట్‌వర్క్ మీద పక్క కంప్యూటర్ నుంచి తనంతట తాను వచ్చేది. 'నేను జాగ్రత్తగా ఉంటాను, నాకేమీ కాదు' అనే ధైర్యం ఇటువంటి చోట పనిచేయదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆపై నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. పాత కంప్యూటర్ విండోస్ 11కు అర్హం కాకపోతే, ఇంటర్నెట్ చూడటానికి, ఉత్తరాలు రాసుకోవడానికి విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకున్నా సరిపోతుంది. మా కాలనీలో రెండిళ్లలో వేశాను, ఒక ఇంట్లో మాత్రం ప్రింటర్ దగ్గర తిట్లు తిన్నాను.

యాంటీవైరస్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: విండోస్‌తో వచ్చే డిఫెండర్ మామూలు ఇంటికి చాలు. 2012లో విండోస్ 8తో మొదలై ప్రతి విండోస్‌లోనూ అది ఉంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ వంటి సంస్థలు దాన్ని కూడా డబ్బు పెట్టి కొనే వాటి సరసన పెట్టి పరీక్షిస్తాయి; ఆ ఫలితాలు ఎవరైనా చూడవచ్చు. డబ్బు పెట్టి వేరేది కొనుక్కుంటామంటే తప్పు లేదు, అయితే ఒక్కటే కొనండి. రెండో అభిప్రాయం కావాలనిపిస్తే, నిత్యం కాపలా కాయకుండా మనం పిలిచినప్పుడే వచ్చి వెతికి వెళ్లే పనిముట్లు వేరే ఉన్నాయి. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్, మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ అటువంటివి. రెండోది దింపుకున్న పది రోజులకు కాలం చెల్లుతుంది కనుక అవసరమైనప్పుడల్లా కొత్తది దింపుకోవాలి. ఆ వ్యాస రచయిత 'రెండు' అన్నది ఈ అర్థంలోనైతే, ఆ తేడాను స్పష్టంగా చెప్పి ఉండవలసింది.

డిఫెండర్ ఉంటే సరిపోదు, మేల్కొని ఉందో లేదో చూడాలి. విండోస్ సెక్యూరిటీ అనే చోటికి వెళ్లి 'ఎక్స్‌క్లూజన్స్' జాబితా తెరవండి. ఇక్కడ వెతకవద్దు అని మినహాయించిన ఫోల్డర్ల జాబితా అది. మామూలు ఇంట్లో అది ఖాళీగా ఉండాలి. నేను చూసిన ఇళ్లలో రెండుచోట్ల సి డ్రైవ్ మొత్తాన్నే అందులో చేర్చి ఉంచారు. అంటే కాపలావాడికి జీతం ఇస్తూ ఇంటి వైపు చూడవద్దని చెప్పడమే. ఇది ఎవరు చేశారని అడిగితే ఇంటివారికి తెలియదు. దొంగ సాఫ్ట్‌వేర్ వేసిన ప్రతిచోటా ఇదే కథ. యాంటీవైరస్ ఆపమని ఏ సాఫ్ట్‌వేర్ అయినా అడిగిందంటే, ఆ కోరికే దాని స్వరూపాన్ని చెబుతోంది. తెలుగు టైపింగ్ కోసమైతే ఆ తంటా అసలే అక్కరలేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లో ఎప్పటినుంచో ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు టైపు చేసే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి ఉంది. ఈ ఉత్తరం దానితోనే టైపు చేశాను. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మా నాన్నగారి ఫొటోలు నాకు ఉండేవి.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చే అంచె, ఆ వ్యాసంలో ఒక్క మాటైనా లేని అంచె, వాడుకరి ఖాతా. విండోస్ ఎక్కించినప్పుడు మొదట తయారయ్యే ఖాతా అడ్మినిస్ట్రేటర్ ఖాతా, అంటే సర్వాధికారాలు ఉన్నది. మన ఇళ్లలో తాత, మనవరాలు, ట్యూషన్‌కు వచ్చిన పిల్లవాడు అందరూ దానిలోనే కూర్చుంటారు. దానికి బదులు అడ్మినిస్ట్రేటర్ ఖాతాను విడిగా అట్టిపెట్టి, రోజువారీ పనికి ఒక్కొక్కరికి స్టాండర్డ్ ఖాతా తెరవాలి. అలా చేస్తే, ఏదైనా ప్రోగ్రాం లోతైన మార్పు చేయబోయినప్పుడు వచ్చే పెట్టెలో 'యస్' అని నొక్కితే సరిపోదు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. మా ఇంట్లో ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. అవసరమైతే కుర్చీలోంచి లేచి, తాళంచెవి వెతికి, బీరువా తీసి చూడాలి. ఆ రెండు నిమిషాల్లో 'అసలు ఇది నేను అడిగిన పనేనా' అన్న ప్రశ్న తనంతట తానే వస్తుంది. మా ఆవిడ దీన్ని చాదస్తం అంటుంది గాని, మనవడు ఆటల కోసం దింపిన రెండు అనుమానాస్పద ప్రోగ్రాములు అక్కడే ఆగిపోయాయి.

అయితే ఈ అంచెకూ హద్దు ఉంది, అది దాచకూడదు. నా ఖాతాలో నడిచే ఏ ప్రోగ్రామైనా నా సొంత ఫైళ్లను మార్చగలదు. దానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి అక్కరలేదు. అంటే రాన్సమ్‌వేర్‌కు ఫొటోలను పాడుచేయడానికి స్టాండర్డ్ ఖాతా ఉన్నా చాలు. అందుకోసమే 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అనే మరో ఏర్పాటు ఉంది. 2017లో విండోస్ 10కు చేర్చారు. మామూలుగా ఇది ఆపి ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. ఆన్ చేస్తే డాక్యుమెంట్లు, ఫొటోలు ఉన్న ఫోల్డర్లలో విండోస్‌కు పరిచయం లేని ప్రోగ్రాం చేయి పెట్టలేదు. మొదటి వారం చికాకు పెడుతుంది. పాత సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి 'సేవ్ చేయలేకపోతున్నాను' అని మొరాయిస్తుంది. నమ్మకమైనదైతే దాన్ని ఒక్కసారి అనుమతుల జాబితాలో చేర్చితే సరి. ఆ చికాకుకు జడిసి మొత్తం ఆపేసినవారిని చూశాను. నేను మాత్రం ఆపను.

అన్నీ దాటి వచ్చినా మిగలవలసింది బ్యాకప్. ముఖ్యమైన ప్రతి ఫైలుకు మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట అని ఈ రంగంలోని వారు చెప్పే లెక్క. గణితం మాస్టరుగా నాకు ఇది నచ్చింది. నా లోపం ప్రతుల సంఖ్యలో లేదు, తగిలించి ఉంచడంలో ఉంది. హార్డ్ డిస్క్‌ను కాపీ చేసే అరగంట మాత్రమే తగిలించి, తర్వాత తీసి బీరువాలో పెట్టాలి. ఇప్పుడు నాకు అలాంటివి రెండు ఉన్నాయి. ఒకటి ఇంట్లో, రెండోది హైదరాబాద్‌లో ఉండే అమ్మాయి దగ్గర. ప్రతి నెల మొదటి ఆదివారం ఇంట్లో ఉన్నదానిలోకి కాపీ చేసి, అమ్మాయి వచ్చినప్పుడు దాన్ని పంపి, ఆమె దగ్గరున్నది తీసుకుంటాను. ఇంటర్నెట్‌లో దాచుకునే గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటివి మంచివే. కానీ అవి కంప్యూటర్‌లో జరిగిన మార్పును వెంటనే అక్కడికీ చేరుస్తాయి కనుక, పాడైన ఫైలు కూడా అంతే శ్రద్ధగా చేరిపోతుంది. పాత ప్రతిని వెనక్కి తెచ్చుకునే వీలు వాటిలో కొంతకాలం వరకే ఉంటుంది. ఇంకో మాట: తీసిన బ్యాకప్ తెరుచుకుంటోందో లేదో అప్పుడప్పుడు నాలుగు ఫైళ్లు తెరిచి చూడకపోతే, అది ఉందన్నది మన నమ్మకం మాత్రమే.

బ్రౌజర్ గురించి ఆ వ్యాసంలో చెప్పినవి సరిగానే ఉన్నాయి. ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపంలో ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌లోనే బాగా పనిచేస్తుందని, క్రోమ్‌లో దాని తేలికపాటి రూపంతో సరిపెట్టుకోవాలని కలిపితే బాగుండేది. 'మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లు ఉన్నాయి' అని తెర మూలన పదేపదే వచ్చే కబుర్లు చాలా ఇళ్లలో వైరస్ వల్ల వచ్చేవి కావు. కొత్త సినిమాలను దొంగతనంగా చూపే ఏదో సైటు 'నోటిఫికేషన్లు పంపమంటారా' అని అడిగితే ఎవరో సరే అన్న ఫలితం. బ్రౌజర్ సెట్టింగుల్లో ఆ అనుమతి తీసేస్తే ఆగిపోతాయి, దీనికి దుకాణంలో డబ్బు ఇవ్వనక్కరలేదు. ఈమధ్య ఇంకో మోసం నడుస్తోంది. 'మీరు రోబో కాదని నిరూపించుకోండి' అంటూ విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కమని, ఆపై పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమని ఒక పేజీ చెబుతుంది. అంటే దొంగ ఆజ్ఞను మన వేలితోనే మన కంప్యూటర్‌కు ఇప్పించడం. అసలైన ఏ పరీక్షా అలా అడగదు. అలాగే ఫైలు ఏ రకమో చెప్పే, పేరు చివరి తోకను (.pdf, .exe వంటిది) విండోస్ మామూలుగా దాచిపెడుతుంది. బిల్లు పీడీఎఫ్‌లా కనిపించేది నిజానికి ప్రోగ్రాం కావచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ తోకలు కనిపించేలా పెట్టుకోవడం నిమిషం పని.

వైఫై రూటర్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం లక్షల కెమెరాలను, రూటర్లను లొంగదీసుకున్నది అలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లతోనే.

ఇన్ని ఉన్నా, 1687లో గోల్కొండ కోటను ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించి గోడలు పగలగొట్టలేక, చివరికి లోపలివాడు తలుపు తీస్తేనే ప్రవేశించిందన్న సంగతి మరువరాదు. ఫోన్ చేసి బ్యాంకు వాళ్లమనో, పోలీసులమనో, మైక్రోసాఫ్ట్ వాళ్లమనో చెప్పి ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాం వేయించి కంప్యూటర్‌ను తమ చేతిలోకి తీసుకునేవారి దగ్గర నేను పైన చెప్పిన అంచెలు చాలావరకు నిలబడవు, ఎందుకంటే తలుపు తీసేది యజమానే. ఎనీడెస్క్ దానికదే చెడ్డది కాదు, నా కూతురు దానితోనే హైదరాబాద్ నుంచి నా కంప్యూటర్ సరిచేస్తుంది. దాన్ని వాడి జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. ఫోన్ చేసినవాడు చెబితే ఏదీ ఎక్కించకూడదు, అంతే. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు చేతులు మారకముందే ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఈ నంబరును మా కాలనీలో ప్రతి కంప్యూటర్ తెర అంచున చిన్న చీటీగా అంటించాను.

మీకు నా విన్నపం రెండు విషయాల్లో. మొదటిది, రెండు యాంటీవైరస్‌ల సలహాకు మీ పత్రికలోనే సవరణ వేయండి. అచ్చులో వచ్చిందంటే నిజమని నమ్మి ఆ ఆదివారమే ఇన్‌స్టాల్ చేసుకున్నవారు మా వీధిలోనే ఇద్దరున్నారు. రెండోది, ఇటువంటి వ్యాసాల్లో విండోస్‌లో ఏ మీట ఏ పేరుతో కనిపిస్తుందో ఆ పేరును తెలుగు లిపిలో ఉన్నది ఉన్నట్టు రాయండి. 'నియంత్రిత సంచిక ప్రాప్యత' అని అనువదిస్తే, దాన్ని పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న నా ఈడువారికి తెర మీద అది ఎక్కడా దొరకదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
హనుమకొండ